దూది ఎగరని నోరు

మిట్టమధ్యాహ్నం పూట కైలాసం సైకిలు గంట మోగడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. పెనం మీద పొంగుతున్న జొన్నరొట్టెను తడిచేత్తో తిప్పబోతున్న నర్మద, ఆ గంట విని చేయి గాలిలోనే ఆపేసింది. గంట ఒక్కసారి మోగి ఊరుకోలేదు. బడి వదిలిన పిల్లవాడు కొట్టినట్టు గల్లీ మొగదల నుంచి గడప దాకా మోగుతూనే వచ్చింది. సైకిలు గోడకు ఆనించాడో, పడేశాడో గానీ, దడేల్మని చప్పుడైంది.

"నర్మదా! ఆ పేపరు మనకే ఇచ్చిండ్రు!" అని కేకేసి, వెంటనే నాలుక కరుచుకుని, "ఇచ్చారు" అని దిద్దుకున్నాడు.

ఏ పేపరో నర్మదకు చెప్పనక్కర లేదు. ఆదిలాబాదు ట్రైనింగ్ స్కూల్లో ఇంగ్లిషు టీచర్లు కాబోయేవాళ్ళకు ఆ ఏడు నుంచి 'భాషాశాస్త్ర పరిచయం' అని కొత్త పేపరు వచ్చిందని వారం రోజులుగా ఇంట్లో అదే ముచ్చట. పాత సార్లంతా వద్దు బాబోయని దండం పెట్టారట. వ్యాకరణమైతే నిద్రలో లేపి అడిగినా చెప్తాం గానీ, నాలుక ఎక్కడ తగులుతుంది, గాలి ఎటు పోతుంది అనే ఈ గొంతు శాస్త్రం మా తాత ముత్తాతలు కూడా చదవలేదన్నారట. ప్రిన్సిపాల్ చుట్టూ చూసి, "ఎవలన్న ఉన్నరా?" అంటే లేచి నిలబడ్డది కైలాసం ఒక్కడే. ఆ శాస్త్రం అతనికీ తెలియదు. తెలిసిన మనిషి ఇంట్లో రొట్టెలు చేస్తున్నదని మాత్రం తెలుసు. బీయే అయ్యాక నర్మద హైదరాబాదులో ఇంగ్లిషు టీచర్ల శిక్షణలో చేరి ఆ చదువే చదివింది. చదువు అయిన నెలకే పెళ్ళయింది.

"మనకే"నట! ఆ ఒక్క మాటను నర్మద చెవిలో పువ్వులా పెట్టుకుంది. రొట్టె మాడిన వాసన వచ్చే దాకా పెనం సంగతే మరిచిపోయింది. కొత్త కాపురంలో ఆ పిల్లకు ప్రతిదీ పండగే. కిరసనాయిలు స్టవ్వు బుస్సుమనడం పండగ, పొద్దున గోడ మీద పడే చలికాలపు ఎండ పండగ, అతని సైకిలు వెనక కూర్చుని బజారు దాటుతుంటే కొంగు చక్రంలో పడుతుందేమోనన్న భయం కూడా పండగే. అట్లాంటిది, అటక మీద పెట్టి మరిచిపోదామనుకున్న తన చదువు తనంతట తానే దిగి వచ్చి వాకిట్లో నిలబడితే ఇంకేం కావాలి?

వాకిట్లో మిరపకాయలకు తొడిమెలు తీస్తున్న అత్త బుచ్చవ్వ తలెత్తింది. "ఏందిరా కొడుకా, పగటీలి ఇల్లు యాదికొచ్చిందా? కొలువు ఊడిందా ఏంది?"

"లేదవ్వా. కొత్త పాఠం నాకిచ్చిండ్రు."

"జీతం పెంచుతరా?"

"పెంచరు."

"మరి గా గంటెందుకు కొట్టినవురా, ఊరంత లేచేటట్టు?" అని బుచ్చవ్వ మళ్ళీ మిరపకాయల్లో తల దూర్చింది. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు.

మర్నాటి నుంచి ఇల్లే కాలేజీ అయింది. కైలాసం గడ్డం గీసుకుంటుంటే నర్మద బియ్యం ఏరుతూ చెప్పేది. అతను స్నానం చేస్తుంటే తడిక ఇవతల నిలబడి గిన్నెలు తోముతూ చెప్పేది. భాష అంటే ముందు నోటి మాట, తర్వాతే రాత అని చెప్పింది. పిల్లవాడు తల్లి ఒడిలో నేర్చుకున్న పలుకు నాలుకకు నడక నేర్పుతుందని, ఆ నడకతోనే కొత్త భాషలోకి పోతాడని, కొత్త దారిలో తడబడితే అది కుంటితనం కాదని చెప్పింది. అట్టముక్క మీద మనిషి ముఖాన్ని నిలువుగా కోసినట్టు బొమ్మ గీసింది. ముక్కులోంచి గాలి పోయే దారికి ఎర్రరంగు, నోట్లోంచి పోయే దారికి నీలిరంగు వేసింది. బుచ్చవ్వ ఆ బొమ్మ చూసి, "ఏ పాపపోడిని గిట్ల నరికిండ్రే?" అని అడిగింది.

ఇంటి వెనక జిన్నింగు మిల్లు. పత్తి కాలం కదా, దూది పింజలు గోడ దాటి ఎగిరి వచ్చి పప్పులో, పాలల్లో, నర్మద జడలో చిక్కుకునేవి. ఒకరోజు జడలోంచి పింజ తీస్తుంటే ఆమెకు ఆలోచన తట్టింది. హైదరాబాదులో వాళ్ళకు కాగితం ముక్కతో చూపించేవారు. కాగితం కంటే దూది తేలిక కదా! పింజను అరచేతిలో పెట్టుకుని కైలాసం నోటి ముందు పట్టుకుంది.

"ఇగో, 'పప్పు' అనుండ్రి."

"పప్పు."

పింజ కదల్లేదు.

"ఇప్పుడు ఇంగ్లిషోని లెక్క 'పెన్' అనుండ్రి. ముందు పెదవులు మూసి, జర గాలి గట్టిగ ఒదలుండ్రి."

పింజ ఎగిరి కైలాసం మీసం మీద వాలింది. అతను ఉలిక్కిపడ్డాడు. నర్మద నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడింది. తర్వాత ఇద్దరూ ఇంట్లో ఉన్న మాటలన్నీ తీసి పింజ ముందు పెట్టారు. బజారులో మల్లెపూలు అమ్మే ఖాజాబీ "ఫూల్, ఫూల్" అని ఉర్దూలో అరిస్తే, ఇంగ్లిషు ముక్క రాకున్నా పింజ గజం దూరం ఎగురుతుందని నర్మద చెప్పింది. ఇక పట్టలేక అత్త దగ్గరికి కూడా పరిగెత్తింది.

"అత్తమ్మా, ఒక్కసారి 'పాలు' అనవా?"

"ఎందుకే?"

"నీ నోటికి దూది ఎగురుతదో లేదో చూస్త."

"నా నోటికి దూది లెక్కనా? పైనున్న మీ మామనడుగు, మగ్గంతోని సహ ఎగిరిండు" అంది బుచ్చవ్వ.

ఆ రోజు నర్మద పాఠంలో మిగతా సగం కూడా చెప్పింది. "ఇప్పుడు 'స్పూన్' అనుండ్రి. ఇంగ్లిషోడు అన్నా సరే, దూది కదలదు. అదే 'ప'నే గదా, ముందర 'స' వచ్చేసరికి వానికీ గాలి రాదు. అంటే వాని నోరు ఖరాబైనట్టా?"

"కాదు."

"గంతే! ఎక్కడ గాలి ఒదలాల్నో, ఎక్కడ ఒదలొద్దో ఆ భాష అలవాటు. మనకు మన అలవాటు. దూది ఎగరకపోవుడు తప్పు గాదు. ఇది తెలిస్తే పిల్లలు భయం లేకుంట నేర్చుకుంటరు. పాఠమంత ఇదేనండీ, మిగతాదంత ముచ్చట్లే."

కైలాసం తల ఊపాడు. బాగా అర్థమైందన్నట్టే ఊపాడు.

క్లాసు మొదలైన నాటి నుంచి సాయంత్రం సైకిలు గంట కోసం నర్మద చెవులు రిక్కించుకుని కూర్చునేది. ఏం అడిగారు, ఏం చెప్పారు, నవ్వారా, అర్థమైందా అని ఊపిరాడనిచ్చేది కాదు. "బాగా అయింది" అనేవాడు కైలాసం. ఆ మాటతో ఆమెకు కడుపు నిండేది. మొదటి రోజు అట్టబొమ్మను "మా నర్మద గీసింది" అని అందరికీ చూపించాడట. తర్వాత తర్వాత దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని పోయేవాడు, అంతే. ఒకనాడు చొక్కా విప్పుతూ, "నా చేతిల మంచి బొమ్మ ఉందన్నారు ప్రిన్సిపాల్ గారు" అని మురిసిపోయాడు. నర్మద కూడా మురిసింది. గిన్నెలు తోముతుంటే మాత్రం, 'నా చేయి అని మీరు చెప్పలేదా?' అన్న ప్రశ్న బూడిదతో పాటు వేళ్ళకు అంటుకుంది. కడుక్కుంటే పోతుందిలే అనుకుంది.

ఇంకొక సంబరం కూడా ఉండేది. కైలాసం రోజు రోజుకూ దూది ఎక్కువ అడిగేవాడు. మొదట చిటికెడు చాలన్నాడు. తర్వాత గుప్పెడు కావాలన్నాడు. నర్మద తెల్లవారకముందే లేచి, నీళ్ళు తోడి, పొయ్యి రాజేసి, అత్తకు చాయ ఇచ్చి, ఆ చలిలో గోడ పక్కన కూర్చుని పింజల్లోంచి గింజలూ పుల్లలూ ఏరి, ముత్యాల్లాంటి తెల్లటి దూదిని ఉప్పు సీసాలో నింపేది. నా పాఠం ఎంత నచ్చితే ఇంత దూది ఖర్చవుతుంది అనుకుంటూ తనలో తానే పాడుకునేది.

ఒక ఆదివారం ప్రిన్సిపాల్ ఇంటికి వచ్చాడు. నిజాం కాలం నుంచి కొలువు చేస్తున్న పెద్దమనిషి, కరీంనగర్ వైపు మనిషి. నర్మద తలుపు పరదా వెనక చాయ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండగా ఆయన గొంతు వినిపించింది.

"కైలాసం, మీ ఇంటామె గూడ గీ చదువే చదివిందట గదా? మన ఆడపిల్లలు క్లాసుల నోరు తెరుస్తలేరు. వారానికి రెండు పాఠాలు ఆమె చెప్తె మంచిగుంటది. నేను పైకి రాస్త, మంజూరైతది. ఏమంటవ్?"

నర్మద పరదా కొంచెం పక్కకు జరిపింది. పరదా సందులోంచి కైలాసం మెడ కనిపిస్తున్నది. ఆ మెడ ఇటు తిరుగుతుందేమోనని చూసింది. తిరగలేదు.

"ఆమెకు ఇల్లే ఇష్టం సార్. బయట నలుగురిలో మాట్లాడాలంటే భయం."

చాయ చల్లారకముందే నర్మద ముందరి గదిలోకి పోయి కప్పులు అందించింది. నవ్వింది కూడా. ఎందుకు నవ్విందో ఆ తర్వాత ఎంత ఆలోచించినా తేలలేదు. హైదరాబాదులో అరవై మంది ముందు నిలబడి పాఠం చెప్పి చప్పట్లు కొట్టించుకున్న మనిషి, నాకు భయం లేదు సార్ అనే ఒక్క మాట అనలేకపోయింది. పళ్ళెం పట్టుకున్నప్పుడు మనిషి నోరు కూడా పళ్ళెంలోనే ఉండిపోతుందేమో. సుల్తానాబాదులో కన్నతల్లి, వాళ్ళ అవ్వ గుర్తొచ్చింది. పొద్దు పొడిచిన దగ్గర నుంచి రాట్నం ముందు కూర్చుని నూలు కండెలకు చుట్టేది. అవ్వ కండె అందియ్యకపోతే బాపు మగ్గం ఒక్క జానెడు కూడా నడవదు. అయినా మగ్గం మీది నుంచి చీర కోసేటప్పుడు అది బాపు నేసిన చీర. సంఘంలో బాపు పేరు, పెద్దల నోట బాపు పేరు. 'నువ్వేం పని చేస్తవే అవ్వా?' అని చిన్నప్పుడు నర్మద అడిగితే, 'నేనేం చేస్త బిడ్డా, ఇంట్లనే ఉంట' అన్నదావిడ, కండె మార్చుకుంటూ. ఆ మాట విని నర్మద చదువుకోవాలనుకుంది. చదువుకుంది. చదివిన చదువునంతా చక్కగా కండెకు చుట్టి మొగుడి చేతికి అందిస్తున్నది.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మెల్లగా అడిగింది. "నాకు భయమని ఎందుకు చెప్పిండ్రు?"

"అట్ల అనకపోతే ఆయన వదలడు. నువ్వు పోతే అవ్వ ఒక్కతే అయితది గదా. అయినా నేను చెప్తే నువ్వు చెప్పినట్టు కాదా? మనం వేరా?"

వేరు కాదు కదా అనుకుంది నర్మద. పెరుగు వేసింది. అయితే ఆ రోజు నుంచి సాయంత్రం గంట మోగితే పరిగెత్తడం తగ్గింది. పరిగెత్తకపోవడం కైలాసం గమనించనే లేదు.

పత్తి కాలం ముదిరిన ఒక సాయంత్రం, ఎండ చల్లబడే వేళ, ముప్పై ఏళ్ళ ఆడమనిషి ఒకామె రేకుపెట్టె చంకన పెట్టుకుని గడప ముందు నిలబడింది. కాళ్ళ నిండా ఎర్రమట్టి.

"సారు ఇంట్ల ఉన్నడా అమ్మా?"

"ఇంకా రాలేదు. కూసోండ్రి, వచ్చేస్తరు."

"రాకముందే పోత. సారు లేని యాళ్ళ చూసే వచ్చిన" అని ఆమె కొంగు ముడి విప్పి, నలిగి మట్టిరంగు తేలిన దూది పింజ ఒకటి తీసి నర్మద చేతిలో పెట్టింది. "గిది సారుకియ్యుండ్రి. ఇగ నాకద్దు. నా పేరు దేవవ్వ. మాది బోథ్. బస్సుకు పోతున్న."

నర్మదకు ఏమీ అర్థం కాలేదు. ఆ పింజ మాత్రం తన చేతి పింజ. ఉప్పు సీసాలోంచి పోయిన పింజ. "మీరు ట్రైనింగుల ఉన్నరా? నడుమల ఎందుకు పోతుండ్రు?" అని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

దేవవ్వ నీళ్ళు తాగింది. ముందు చెప్పనన్నది. తర్వాత చెప్పడం మొదలుపెడితే ఆగలేదు.

"రోజు పొద్దుగాల క్లాసు మొదలుగాంగనే దూది పరీచ్చ అక్కా. ఒక్కొక్కల నోటి ముందర సారు దూది పెడ్తడు. ఇంగ్లిషు మాట అనాలె. దూది ఎగిరినోళ్ళు బల్ల మీద, ఎగరనోళ్ళు గోడకు. గంటసేపు గోడకే నిలవడాలె. మమ్ముల గోడ బ్యాచి అంటరు. ఎగరనోళ్ళు కొంగుల దూది ముడేసుకోని తిరగాలె, ఇంట్ల గూడ నేర్చుకోవాలెనని సారు హుకుం. హాస్టల్ల వంటామె గూడ నవ్వుతది. మా దిక్కు ఇంట్ల సగం మరాఠీ, సగం తెలుగు. ఇంగ్లిషు చదువ వస్తది, రాయ వస్తది. దూదే ఎగరది. సారు ముందర నిలవడంగనే నా నోరు ఎండిపోతది అక్కా, గాలెక్కడికెల్లి తేవాలె? ఇయ్యాల సారు నా లెక్క మాట్లాడి సూపెట్టిండు. మా బోథ్ మాట. అందరు నవ్విండ్రు. గిసోంటి నోరు రేపు పిల్లలకేం చెప్తది, పోయి బీడీలాకు ఏరుకోమన్నడు."

ఆమె రేకుపెట్టెను దగ్గరికి లాక్కుంది. "మా అత్తోళ్ళ కాళ్ళు పట్టుకోని ఒక్క ఏడాది అడుక్కోని వచ్చిన. ఇప్పుడు పోతే మళ్ళ గడప దాటనియ్యరు. తెల్సు. అయినా పోత. రోజు గోడకు నిలవడుటానికన్న మక్కచేను నయం."

దూది ఎందుకు ఎక్కువ కావలసి వచ్చిందో నర్మదకు ఇప్పుడు తెలిసింది. తెల్లవారుజాము చలిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే పాడుకుంటూ ఏరిన పింజలు! గోడకు నిలబడ్డవాళ్ళు ఎంతమంది పెరిగితే అంత దూది. తప్పు ఎవరిదీ కాదని చెప్పడానికి తాను కనిపెట్టిన ఉపాయంతోనే తప్పు వెతికి మనుషుల మీద ముద్ర వేస్తున్నారు. పరదా వెనక ఆ రోజు నోరు మూసుకున్నందుకు తనకు పోయింది రెండు పాఠాలే అనుకుంది ఇన్నాళ్ళూ. పోయింది తనకు ఒక్కదానికే కాదు.

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది. దేవవ్వ ఎదుట పీట వేసుకుని కూర్చుని, ఆ నలిగిన పింజనే అరచేతిలో పెట్టుకుంది.

"దేవక్కా, నేనంట చూడు. 'పెన్'."

పింజ ఎగిరి దేవవ్వ ఒళ్ళో పడింది. దేవవ్వ ముఖం ఇంకా చిన్నబోయింది.

"ఇప్పుడు చూడు. 'స్పూన్'." పింజ కదల్లేదు. "నేను కాదు, లండన్ దొరసాని వచ్చి అన్నా గిది ఎగరది. మరి ఆమెను గూడ గోడకు నిలబెడుదామా?"

దేవవ్వ నోరు తెరిచింది. తానే చేతిలోకి పింజ తీసుకుని, "స్పూన్" అంది. ఇంకోసారి అంది. "వాళ్ళకు గూడ ఎగరదా?" అంది నమ్మలేనట్టు. తర్వాత ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టు ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వులోనే, ఆపుకోలేక, "పెన్" అందో, పెన్ అనబోయిందో గానీ, పింజ ఎగిరి నీళ్ళ చెంబులో పడింది. ఇద్దరూ దాన్ని చూసి మళ్ళీ నవ్వారు. చెంబులో పింజ తడిసి మునిగిపోయింది.

నవ్వు ఆగాక దేవవ్వ అడిగింది. "గీ స్పూను ముచ్చట సారుకు తెల్వదా అక్కా?"

"తెలుసు" అంది నర్మద. చెప్పింది తానే కదా. తల ఊపింది అతనే కదా.

"తెలిసే నిలబెట్టిండా?"

నర్మద చెంబులోంచి తడిసిన పింజను తీసి నేల మీద పెట్టింది. బోథ్ బస్సు వెళ్ళిపోయిన సంగతి అప్పటికి గానీ ఇద్దరికీ గుర్తు రాలేదు. "ఈ రాత్రి ఇక్కడనే పండుకో" అంది నర్మద. బుచ్చవ్వ లోపలికి వచ్చి, పెట్టెను, మనిషిని, కోడలిని మార్చి మార్చి చూసి, "ఎవరే గీమె?" అంది. "చుట్టమా?"

"అవును అత్తమ్మా."

"ఏ వరసకు?"

"వరస రేపు చెప్త."

దీపాల వేళకు సైకిలు గంట మోగింది. లోపలికి వచ్చిన కైలాసం వంటింటి గడప దగ్గర ఆగిపోయాడు. దేవవ్వ చటుక్కున లేచి గోడకు ఆనుకుని నిలబడింది. అలవాటు! అది నర్మద చూసింది. "నువ్వు తిను దేవక్కా, కూసో" అని ఆమె భుజం పట్టి కూర్చోబెట్టి, భర్త వెనక ముందరి గదిలోకి నడిచింది. బుచ్చవ్వ వత్తులు చేసుకుంటూ మూల కూర్చుని ఉంది.

"ఆమె ఇక్కడికెందుకు వచ్చింది?" అన్నాడు కైలాసం గొంతు తగ్గించి.

"మిగతా సగం పాఠం ఎందుకు చెప్పలేదు?"

"ఏ సగం?"

"మీకు తెలుసు."

కైలాసం కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. "అది కూడ చెప్తే క్లాసుల భయం ఉండదు నర్మదా. నువ్వు ఇంట్ల కూసోని చెప్తవు. అక్కడ నలభై మంది. భయం లేకపోతే ఎవడు నేర్చుకుంటడు? నన్నేం చేసిండ్రో నీకు చెప్పిన గదా."

చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో చెప్పాడు. ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు, కోస్తా నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు ముందు 'నేనొచ్చిన సార్' అంటే గదిలో అందరూ నవ్వారట. మళ్ళీ అనమని రెండుసార్లు అనిపించి నవ్వారట. ఆ ముచ్చట చెప్తూ అతను గోడ వైపు తిరిగి పడుకుంటే, నర్మద అతని వీపు నిమురుతూ తెల్లవార్లూ మేలుకుంది. ఇప్పుడూ అతని మీద జాలి కలిగింది. జాలి కలగడమే అన్నిటికంటే కష్టంగా ఉంది. కోపం ఒక్కటే అయితే సులువుగా పోయేది.

"వాళ్ళు నవ్వి మంచి పని చేసిండ్రా?" అంది.

"వాళ్ళు నవ్విండ్రు కాబట్టే నేను మారిన. లేకపోతే ఇంకా అట్లనే ఉంటుంటి. రేపు ఈమెను చూసి ఎవడో ఇన్‌స్పెక్టరు నవ్వకముందే నేను దిద్దుతున్న. అది తప్పా?"

"దిద్దుతలేరు. మీకు తగిలిన దెబ్బ ఆమెకు దింపుతుండ్రు. నా చేతి దూదితోని."

"నీ దూది, నా దూది ఏంది? మనం..."

"ఒద్దు" అంది నర్మద. అంత గట్టిగా తాను మాట్లాడగలనని ఆమెకే తెలియదు. "ఆ మాట ఇయ్యాల అనకుండ్రి. మంచిపేరు వచ్చినప్పుడు మీరొక్కలే. ప్రిన్సిపాల్ సారు నన్ను అడిగినప్పుడు మీరొక్కలే. ఆమె గోడకు నిలబడ్డప్పుడు మనమా?"

బుచ్చవ్వ వత్తి చేయడం ఆపింది. "ఏందే పిల్లా, మొగడు ఇల్లు చేరంగనే లొల్లి? దూది గురించేనా గింత పరేషాన్?"

"దూది గురించే అత్తమ్మా."

"పొరుగోళ్ళు వింటే ఇజ్జత్ పోతది" అన్నాడు కైలాసం.

"ఇన్ని రోజులు ఆమెది పోయింది. నాకు తెల్వక నేను పాటలు పాడుకున్న."

కైలాసం కుర్చీలో కూలబడ్డాడు. అలిసిపోయిన ముఖం. ఆ ముఖం అంటే నర్మదకు ఇంకా ఇష్టమే. మీసం మీద పింజ వాలిన రోజు ఎంత ఇష్టమో అంత ఇష్టమే. ఇష్టం ఉన్నది కదా అని ఇన్నాళ్ళూ ఒక్కొక్క మాటా మింగింది. వంటింట్లో దేవవ్వ కంచం కడుగుతున్న చప్పుడు వినిపిస్తున్నది. రేపు పొద్దున మొదటి బస్సుకు ఆ రేకుపెట్టె బోథ్ పోతే, ఎల్లుండి ఇంకొకతె పెట్టె సర్దుకుంటుంది. ఉండిపోయినవాళ్ళు నేర్చుకుని టీచర్లయి, ఊరూరా పిల్లలను నిలబెట్టడానికి తమ గోడలు తాము వెతుక్కుంటారు. అట్లా ఎన్ని ఊళ్ళో! ఆ ఊళ్ళన్నిటికీ తెల్లవారుజామున లేచి దూది ఏరి పంపుతున్నది తానే.

"ఇంట్ల కూసోని చెప్పుడు సులువన్నట్టు అంటిరి గదా" అంది మెల్లగా. "నిజమే. ఇగ ఇంట్ల కూసోని చెప్ప."

"అంటే?"

"రేపు పొద్దుగాల నేను, దేవక్క ఇద్దరం ప్రిన్సిపాల్ సారింటికి పోతున్నం. నాకు భయం లేదని నా నోటితోని నేనే చెప్త. ఆ పాఠాలు ఎవరివో గూడ చెప్త."

కైలాసం తల ఎత్తాడు. ముఖంలో రక్తం లేదు. "నా పరువు..."

"మీరు దాచింది నేను చెప్తె మీకు కష్టమైతది. తెలుసు. అందుకే మీకంటె ముందర ఆయనకు చెప్తలేను. ఇయ్యాలనే, మీకు చెప్తున్న. మీరు నాకంటె ముందు పోయి చెప్పినా నాకు సంతోషమే."

"మరి వంటెవలు చేస్తరే?" అంది బుచ్చవ్వ. ఆమెకు నిజంగానే అదొక్కటే తోచింది.

"రేపటి వంట మీ తల్లీకొడుకులు చూసుకోండ్రి అత్తమ్మా. పిండి డబ్బాల ఉంది."

బుచ్చవ్వ కొడుకు వైపు చూసింది. కొడుకు నేల వైపు చూశాడు. తల ఎత్తకుండానే అడిగాడు, ఆఫీసరు ముందు నిలబడ్డనాటి గొంతుతో. "మరి నేనేం చెయ్యాలె?"

నర్మద వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగింది.

"సారు ఒప్పుకుంటే రేపు పదింటి క్లాసు నేను చెప్త. మీరు గూడ రాండ్రి, ఎనుక బల్ల మీద కూసోండ్రి. గోడకైతే ఎవరినీ నిలబెట్ట, మిమ్ముల గూడ."